హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఏ దారిన వెళ్లాలి: దూరం, గంటలు, మజిలీలు

శంషాబాద్ నుంచి డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దాకా భూమి మీద అతి దగ్గర దారి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. భూగోళం మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా ఉండగలిగిన గరిష్ఠ దూరం సుమారు 20,000 కిలోమీటర్లే కాబట్టి, ఇది అందులో ముప్పాతిక వంతుకు కాస్త తక్కువ. ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానం లేదు. అందువల్ల డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో అర్వింగ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులైనా, చదువుకోసం వెళ్లే విద్యార్థులైనా, సెలవుల్లో వచ్చిపోయే ఉద్యోగులైనా టికెట్ కొనేముందు ఒకే సందేహం దగ్గర ఆగిపోతారు. దుబాయ్ మీదుగా వెళ్లాలా, దోహా మీదుగానా, లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా, లేక ఢిల్లీకి వెళ్లి అక్కడి నుంచి అమెరికా విమానం ఎక్కాలా?

మా ఇంట్లోవాళ్ల కోసం ఈ లెక్కలు చాలాసార్లు వేశాను. మొదటిసారి వేసినప్పుడు మా అమ్మకు కిలోమీటర్లు చెప్పాను. ఆవిడ అంతా విని, "అది సరే గానీ, ఒక్క బిగిన ఎంతసేపు కూర్చోవాలి?" అని అడిగింది. అప్పటినుంచి నేను ఏ దారినైనా ముందు ఆ ప్రశ్నతోనే పోల్చుతున్నాను.

## పోల్చే ముందు చూడవలసినవి

మొదటిది, గాలిలో ఉండే గంటలు వేరు, మొత్తం ప్రయాణపు గంటలు వేరు. కింద పట్టికలో కనిపించేట్టు, మామూలు దారులన్నిటిలోనూ వెళ్లేటప్పుడు గాలిలో ఉండే సమయం ఇరవై గంటలకు అటూ ఇటూగానే ఉంటుంది. తేడా అంతా మధ్యలో ఆగేచోట వస్తుంది. ఒకే దారిలో ఒక టికెట్ మొత్తం ఇరవై మూడు గంటలు చూపిస్తే, ఇంకొకటి ముప్పై ఒకటి చూపించవచ్చు.

రెండోది, ఆ ఇరవై గంటలు ఎలా విడిపోతున్నాయన్నది. గల్ఫ్ దారిలో నాలుగు, పదహారుగా విడిపోతాయి. యూరప్ దారిలో దాదాపు సగం సగంగా విడిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రెండూ ఒకే ప్రయాణం కాదు.

మూడోది, అమెరికా ఇమిగ్రేషన్ ఎక్కడ జరుగుతుందన్నది. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసుకోవాలి. అక్కడ చెక్-ఇన్ సామానును బెల్టు మీద నుంచి తీసుకుని, తరువాతి విమానం ఉంటే మళ్లీ అప్పగించాలి. డాలస్‌లోనే మొదట దిగితే ఈ పని ఇంటికి వెళ్లే ముందు చివరి పని అవుతుంది. చికాగోలో దిగితే ఆ పని ముగించుకుని, టెర్మినల్ మారి, మళ్లీ భద్రతా తనిఖీ చేయించుకుని, గడియారం చూసుకుంటూ దేశీయ విమానం ఎక్కాలి.

నాలుగోది, ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉందా అన్నది. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, మరో విమానంలో సీటు చూపించే బాధ్యత విమానయాన సంస్థదే. విడివిడిగా కొన్న టికెట్లయితే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. ధరలో మిగిలే కొద్ది మొత్తం కోసం విడి టికెట్లు కొనవద్దని నా గట్టి సలహా. పెద్దవాళ్లు ఒంటరిగా వెళుతున్నప్పుడైతే అసలే వద్దు.

ధర గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. అది సీజన్‌ను బట్టి, కొన్న రోజును బట్టి మారిపోతుంది.

## పట్టికలో దారులు

దూరాలు ఒక్కో అంచెకూ అతి దగ్గర దారిగా లెక్కించినవి. విమానం నిజంగా ఎగిరే దారి గాలులను, తెరిచి ఉన్న గగనతలాన్ని బట్టి ఇంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది. సమయాలు కూడా సుమారు లెక్కలే, వాటిలో మధ్య మజిలీ కలపలేదు.

| దారి | దూరం (కి.మీ.) | వెళ్లేటప్పుడు గాలిలో | వచ్చేటప్పుడు గాలిలో | ఒక్క బిగిన అతి ఎక్కువ కూర్చోవలసింది |
|---|---|---|---|---|
| దుబాయ్ | 2,550 + 12,920 = 15,470 | 20 గంటలు | 18 గంటలు | 16 గంటల పైన |
| దోహా | 2,915 + 12,745 = 15,660 | 20 గంటల పైన | 18½ గంటలు | 16 గంటలు |
| లండన్ | 7,750 + 7,630 = 15,380 | 20½ గంటలు | 18½ గంటలు | 10 గంటల పైన |
| ఫ్రాంక్‌ఫర్ట్ | 7,115 + 8,255 = 15,370 | 20 గంటలు | 18 గంటలు | 11 గంటలు |
| ఢిల్లీ, చికాగో | 1,260 + 12,020 + 1,290 = 14,570 | 21 గంటలు, పాకిస్థాన్ గగనతలం మూసి ఉంటే ఇంకా ఎక్కువ | 19 గంటలు | 16 గంటలు లేదా పైన |
| హాంగ్‌కాంగ్ | 3,750 + 13,050 = 16,800 | 20 గంటలు | 23 గంటలు | 17 గంటలు (వచ్చేటప్పుడు) |

## దూరం ఎందుకు మోసం చేస్తుంది

ఇంట్లో పిల్లల భూగోళం బొమ్మ ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డాలస్ మీద ఇంకో కొస పెట్టి బిగించి చూడండి. గోడ మీది పటంలో చూస్తే అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి అడ్డంగా వెళ్లాలనిపిస్తుంది గానీ, దారం అటు పోదు. నిటారుగా ఉత్తరానికి లేచి, దాదాపు ఢిల్లీ మీదుగా హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియాల మీదుగా వెళ్లి, ఉత్తర ధ్రువానికి సుమారు ఐదు వందల కిలోమీటర్ల పక్కనుంచి కెనడాలోకి దిగి, అక్కడినుంచి నేరుగా కిందికి టెక్సాస్‌కు వస్తుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైన ఉండడమే దీనికి కారణం. ఒక ఊరు భూమికి ఇటు వైపు ఉంటే రెండోది దాదాపు సరిగ్గా అటు వైపు ఉంది.

ఈ దారం చూశాక పట్టికలోని రెండు సంగతులు అర్థమవుతాయి. ఢిల్లీ, చికాగోలు రెండూ ఆ దారానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి, మూడు విమానాలు ఎక్కినా మొత్తం దూరం నేరు దారికంటే రెండు వందల కిలోమీటర్లు కూడా పెరగదు. కిలోమీటర్లలో అన్నిటికంటే పొట్టి దారి అదే. అయినా గంటల్లో అది పొట్టిది కాదు, ఎందుకంటే దిగి ఎక్కిన ప్రతిసారీ నేల మీద గంటలు కరిగిపోతాయి.

రెండోది గాలి సంగతి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో మరింత బలపడుతుంది. గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి డాలస్‌కు వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనకగాలి. దుబాయ్ నుంచి డాలస్‌కు పదహారు గంటలు పైన పడితే డాలస్ నుంచి దుబాయ్‌కి పదిహేను గంటలలోపే రావడం ఇందువల్లే. హాంగ్‌కాంగ్ దారిలో ఇది తలకిందులవుతుంది. పసిఫిక్ దాటి తూర్పుకు వెళ్లే విమానాన్ని గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి, పట్టికలో అతి పొడవైన ఆ దారి వెళ్లేటప్పుడు దుబాయ్ దారితో సమానంగా నిలుస్తుంది. వచ్చేటప్పుడు మాత్రం ఆ అప్పు వడ్డీతో సహా తీర్చాలి.

## గల్ఫ్ దారి: దుబాయ్, దోహా

తెలుగువాళ్లు ఎక్కువగా ఎంచుకునే దారి ఇదే, అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. ఒక్కసారే విమానం మారాలి. రెండో విమానం నేరుగా డాలస్‌లో దిగుతుంది కాబట్టి ఇమిగ్రేషన్, సామాను అన్నీ అక్కడే ముగుస్తాయి. విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకపోతే ట్రాన్సిట్ వీసా గొడవ లేదు. వీల్‌చెయిర్ అడిగినవారికి గేటు నుంచి గేటుకు తీసుకువెళ్లే ఏర్పాటు ఉంటుంది, హిందీలోనో తెలుగులోనో మాట్లాడేవారు ఎవరో ఒకరు చుట్టూ కనిపిస్తూనే ఉంటారు. ఇంగ్లిష్ రాని మా అమ్మకు ఇది చిన్న విషయం కాదు.

భారమంతా ఆ పదహారు గంటల అంచె మీద ఉంది. అర్ధరాత్రి నిద్ర లేచి శంషాబాద్ వెళ్లి, నాలుగు గంటలు ఎగిరి, దిగి, కొన్ని గంటలు కాచుకుని, అప్పటికే ఒళ్లు అలిసిపోయి ఉండగా అసలు ప్రయాణం మొదలవుతుంది. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, మధ్యమధ్యలో లేచి నడవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. గుండె జబ్బు, రక్తనాళాల సమస్య, ఇటీవల శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడిగి బయలుదేరాలి. నడిచే దారి పక్క సీటు ముందుగానే తీసుకోవడం ఇక్కడ సౌకర్యం కాదు, అవసరం.

సామాను విషయంలో ఒక హెచ్చరిక. గసగసాలు యూఏఈలోనూ ఖతార్‌లోనూ నిషిద్ధం. మసాలా పొట్లాల్లో అలవాటుగా కట్టుకునే ఈ సరుకును గల్ఫ్ దారిలో వెళ్లేవారు పెట్టెలోనూ చేతి సంచిలోనూ పెట్టుకోకూడదు. కరివేపాకును అమెరికా ఏ దారిన వచ్చినా లోపలికి రానివ్వదు, అది నిమ్మజాతి చెట్లకు తెగులు మోస్తుందని. ఆవకాయ తీసుకెళ్లవచ్చు గానీ, అది చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి, కస్టమ్స్ దగ్గర ఆహార పదార్థాలున్నాయని చెప్పాలి.

దుబాయ్, దోహాల మధ్య తేడా దూరంలో రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. ఆ రెండిటిలో ఎంచుకోవలసి వస్తే మజిలీ వ్యవధి ఎక్కడ మూడు నాలుగు గంటల మధ్య ఉందో దాన్నే ఎంచుకోండి. అంతకు తగ్గితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. ఒకసారి మా అమ్మానాన్నలకు మధ్య విమానాశ్రయంలో ఎనభై నిమిషాల వ్యవధి ఉన్న టికెట్ కొన్నాను, మొత్తం సమయం తక్కువగా కనిపించిందని. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. వీల్‌చెయిర్ ప్రయాణికులను అందరూ దిగాకే దింపుతారు. వాళ్లు గేటు చేరేసరికి తలుపు మూసేశారు. ఒకే టికెట్ కాబట్టి హోటల్ గది, మర్నాటి విమానం ఇచ్చారు. కానీ నాన్నగారి బీపీ మాత్రలు చెక్-ఇన్ పెట్టెలో ఉండిపోయాయి. అప్పటినుంచి మందులు చేతి సంచిలో, వ్యవధి మూడు గంటలకు తగ్గకుండా అన్నది మా ఇంట్లో మార్చని నియమం.

ఇదే ప్రాంతంలో అబూ ధాబీకి ఒక ప్రత్యేకత ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు 2014 నుంచి అక్కడే, విమానం ఎక్కకముందే జరుగుతున్నాయి; అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల మాదిరిగా బయటికి వచ్చేయవచ్చు. చికాగో వంటి చోట మారి డాలస్ వెళ్లక తప్పనివారికి ఇది ఊరట. విమానం మాత్రం మొత్తం మూడోది ఎక్కాల్సిందే, తనిఖీల కోసం అబూ ధాబీలో వ్యవధి ఎక్కువ ఉండేలానూ చూసుకోవాలి.

గల్ఫ్ దారికి మరో అనిశ్చితి ఉంది. 2025 జూన్ 23న ఖతార్ గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసినప్పుడు దోహాకు వస్తున్న విమానాలు దారి మళ్లవలసి వచ్చింది. ఆ ప్రాంతంలో ఉద్రిక్తతలున్న రోజుల్లో టికెట్ కొనేవారు తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోవడం మేలు.

## యూరప్ దారి: లండన్, ఫ్రాంక్‌ఫర్ట్

మొత్తం గంటల్లో ఇది గల్ఫ్ దారితో సమానమే. దీని గుణమంతా విభజనలో ఉంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు పది గంటలు, అక్కడ కాళ్లు చాపుకుని నడిచి, ఏదైనా తిని, మళ్లీ డాలస్‌కు పది గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే తొమ్మిది, పదకొండు. ఒక్క బిగిన పదహారు గంటలు కూర్చోలేనివారికి, చంటిపిల్లలతో వెళ్లేవారికి నేను మొదట చూపించేది ఈ దారినే. ఇక్కడా చివరి విమానం డాలస్‌లోనే దిగుతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో సర్వీసు మొదలుపెట్టాక లండన్‌కు తోడు మరో మార్గం దొరికింది.

ఇబ్బంది పత్రాల దగ్గర వస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే, ట్రాన్సిట్ ప్రాంతం దాటకుండా విమానం మారడానికి ఈ రెండుచోట్లా విడిగా వీసా అక్కర్లేదు. అయితే వీసా స్టాంపు గడువు తీరిపోయి, అప్రూవల్ నోటీసు (ఉద్యోగ అనుమతి ఇస్తూ అమెరికా ప్రభుత్వం పంపే పత్రం) మీద అమెరికాలో పనిచేస్తున్న హెచ్-1బీ ఉద్యోగులు ఇండియాకు వచ్చేటప్పుడు ఈ సడలింపు తమకు వర్తిస్తుందో లేదో టికెట్ కొనకముందే ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇవి మారుతుండే నియమాలు. స్నేహితుడు గత ఏడాది ఇబ్బంది లేకుండా వెళ్లాడన్న మాటను నమ్ముకుని చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడవద్దు. స్టాంపు గడువు తీరినవారికి గల్ఫ్ దారే నిశ్చింత.

లండన్‌లో టెర్మినళ్ల మధ్య బస్సులోనో రైల్లోనో మారవలసి రావచ్చు, మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే వీల్‌చెయిర్ అవసరం లేకపోయినా సహాయం కావాలని టికెట్‌లోనే రాయించండి.

## ఢిల్లీ మీదుగా

కాగితం మీద అతి పొట్టి దారైన ఇది ఆచరణలో అందరికీ కుదరదు. 2025 ఏప్రిల్ చివర పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానయాన సంస్థలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది, ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో ఆగి వెళ్లాయి. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే. హైదరాబాద్ నుంచి ఉదయం వెళ్లే విమానం ఆలస్యమైతే తరువాతి రెండు అంచెలూ కదిలిపోతాయి. చివరికి చికాగోలోనో మరోచోటో ఇమిగ్రేషన్ చేయించుకుని మూడో విమానం ఎక్కాలి.

అయినా ఈ దారి సరిపడేవారు ఉన్నారు. విదేశీ విమానాశ్రయంలో చిక్కుకోవడం అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేవారికి, ఢిల్లీలో ఒకటి రెండు రోజులు బంధువుల ఇంట ఆగాలనుకునేవారికి, డాలస్‌కు ముందు చికాగోలో ఎవరినైనా చూడవలసినవారికి ఇది బాగానే ఉంటుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టినప్పుడు మాలాంటివాళ్లం ఎంతో సంతోషించాం. సుమారు 13,300 కిలోమీటర్ల ఆ సర్వీసు ఆగిపోకుండా కొనసాగి ఉంటే ఈ పోలికంతా వేరుగా ఉండేది.

హాంగ్‌కాంగ్ దారిని నేను సాధారణంగా సూచించను, తిరుగు ప్రయాణం భారమని. వెళ్లడానికి మాత్రమే టికెట్ కావలసిన విద్యార్థికి ధర, తేదీ కలిసొస్తే తీసుకోవచ్చు.

## ఎవరికి ఏది

అరవై దాటి, ఆరోగ్యం ఫర్వాలేదనిపించేలా ఉండి, మొదటిసారి ఒంటరిగా వెళ్లే తల్లిదండ్రులకు గల్ఫ్ దారి, మూడు నాలుగు గంటల మజిలీ. మోకాళ్లు, నడుము ఇబ్బంది పెట్టేవారికి, తోడు ఎవరైనా ఉంటే యూరప్ దారి. ఊపిరి సమస్య ఉన్నవారు ఏ దారిలోనైనా విమానం రకం కూడా చూసుకోవాలి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350లలో క్యాబిన్ గాలి పీడనం సుమారు 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటే, పాత తరం విమానాల్లో అది 8,000 అడుగుల దాకా వెళుతుంది.

మొదటిసారి చదువుకు వెళ్లే విద్యార్థికి దారికంటే సామాను పరిమితి ముఖ్యం. అమెరికా టికెట్ల మీద ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు ఇవ్వడం మామూలే గానీ, చౌక తరగతి టికెట్లలో ఒకటే ఉండవచ్చు. ఆ రెండో పెట్టెకు కట్టే రుసుము కలిపి చూస్తే చవక టికెట్ చవకగా మిగలదు. పది రోజుల సెలవు మీద వచ్చే ఉద్యోగికి మాత్రం మొత్తం గంటలే ప్రధానం. రెండు గంటలు ఆదా చేసే టికెట్‌కు కొంత ఎక్కువ పెట్టినా ఆయనకు నష్టం లేదు.

ఏ దారిలో వెళ్లినా తేదీల లెక్క ముందే సరిచూసుకోండి. డాలస్ గడియారం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది. వేసవిలో సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో ఎక్కి మొత్తం ఇరవై రెండున్నర గంటలు ప్రయాణిస్తే, డాలస్‌లో అదే సోమవారం సాయంత్రం నాలుగింటికి దిగుతారు. వచ్చేటప్పుడు అక్కడ సోమవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కితే, ఇరవై ఒక్క గంటల ప్రయాణం తరువాత మంగళవారం రాత్రి పదకొండున్నరకు ఇక్కడ దిగుతారు. టికెట్ మీద సోమవారం మూడు గంటలనో, నాలుగు గంటలనో ఉన్న తెల్లవారుజాము విమానానికి ఇంటినుంచి బయలుదేరవలసింది ఆదివారం రాత్రే. సోమవారం రాత్రికి కారు మాట్లాడుకుని విమానం పోగొట్టుకున్నవారు మా కాలనీలోనే ఇద్దరున్నారు.